సాయంత్రం ఊగే సిగ్నల్: చవక రిసీవర్‌తో సింటిలేషన్ లాగర్, ప్రాజెక్టు డైరీ

జనవరి, సెటప్

సామాను పెద్దగా ఏం లేదు. ఒక రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే కంప్యూటర్), రెండు ఫ్రీక్వెన్సీల్లో జీపీఎస్ లాంటి శాటిలైట్ల సిగ్నల్ పట్టే యూ-బ్లాక్స్ ఎఫ్9 రకం రిసీవర్ మాడ్యూల్, ఒక యాక్టివ్ యాంటెన్నా, దాని కింద వెయ్యడానికి ఇనప రేకు ముక్క, డేటా దాచుకోవడానికి పాత ఎస్‌ఎస్‌డీ ఒకటి. వీటితో పొద్దుగూకాక ఐయనోస్ఫియర్‌లో (వాతావరణం పైభాగంలో విద్యుదావేశం ఉన్న పొర) పుట్టే ప్లాస్మా బబుల్స్‌ని (ఎలక్ట్రాన్లు బాగా తగ్గిపోయిన ముద్దల్ని) పట్టుకోవాలి, అంటే బబుల్స్‌నే చూడలేం గానీ వాటిలోంచి వచ్చిన శాటిలైట్ సిగ్నల్ ఎలా ఊగుతుందో చూసి పైన ఏం జరుగుతోందో చెప్పగలగాలి. ఐడియా నా సొంతం కాదులెండి, డాలస్‌లోని టెక్సస్ యూనివర్సిటీ వాళ్ళు స్కింట్‌పై అని ఇలాంటి చవక మానిటర్ ఒకటి చేసి 2019లో పేపర్ కూడా వేశారు. లేకపోతే ఈ పని కోసమే తయారయ్యే రిసీవర్లు ఉన్నాయి, సెకనుకి 50, 100 శాంపిల్స్ ఇస్తాయి, లోపల మంచి ఓవెన్ క్రిస్టల్ ఉంటుంది, కాకపోతే వాటి రేటు వింటే మనలాంటి వాళ్ళం ఆ పేజీ మూసేసి వెళ్ళిపోతాం.

సింటిలేషన్ అంటే ఏంటో ఒక్క ముక్కలో చెప్పేస్తా. నక్షత్రాలు మిణుకుమిణుకుమనడానికి కింది గాలిలో ఉన్న హెచ్చుతగ్గులు కారణం కదా, రేడియో సిగ్నల్ మిణుకుమనడానికి పైన 250 నుంచి 400 కిలోమీటర్ల దగ్గర ఐయనోస్ఫియర్‌లోని ఎఫ్ లేయర్‌లో ఎలక్ట్రాన్ల సాంద్రతలో ఉన్న హెచ్చుతగ్గులు కారణం. వేవ్ ఒక్కో చోట ఒక్కోలా ఫేజ్ (అల ఏ దశలో ఉందో అది) మారి కిందకొస్తుంది, వచ్చే దారిలో ఆ ముక్కలన్నీ ఒకదాంతో ఒకటి కలిసి కొన్నిచోట్ల బలపడి కొన్నిచోట్ల చచ్చిపోతాయి. దాంతో నేల మీద ఎక్కువ తక్కువల పాటర్న్ ఒకటి పరుచుకుని కదులుతూ ఉంటుంది, మన యాంటెన్నా దాని కింద కూర్చుని ఉంటుంది.

నేనుండేది మాగ్నెటిక్ ఈక్వేటర్‌కి మరీ దూరం కాదు, ఇది ముఖ్యం. అంటే మ్యాపులో గీసే భూమధ్యరేఖ కాదు, అయస్కాంత క్షేత్రం నేలకి సమాంతరంగా ఉండే గీత, అది పెరూలో జికమార్కా రాడార్ దగ్గర నుంచీ ఇటు కేరళలో తుంబా దగ్గర నుంచీ పోతుంది. తుంబాలో 1963లో రాకెట్ స్టేషన్ పెట్టడానికి కారణమే ఆ గీత. దానికి రెండు వైపులా ఓ 20 డిగ్రీల లోపు ఉన్న ఎవరైనా ఈ ప్రాజెక్టు చేసుకోవచ్చు. మరీ పైకి వెళ్తే ఈ రకం సింటిలేషన్ దొరకదు, ధ్రువాల దగ్గర ఉన్నది వేరే కథ, అక్కడ ఫేజ్ ఎక్కువ ఊగుతుంది గానీ సిగ్నల్ బలం అంతగా ఊగదు.

జనవరి చివర, లెక్క కట్టే కోడ్

కొలిచేది ఎస్4 అనే నంబర్. ఒక నిమిషం పాటు సిగ్నల్ తీవ్రత తీసుకుని, ఆ సగటు చుట్టూ అది ఎంత ఊగిందో చూసి, ఊగినదాన్ని సగటుతో భాగించడమే, అంతకన్నా ఏం లేదు. 0.3 లోపు ఉంటే పెద్దగా పట్టించుకోరు, 0.6 దాటితే గట్టిదే అంటారు, 1 దగ్గరికొచ్చిందంటే ఇంక అక్కడే సాచురేట్ అయిపోతుంది.

పైథాన్‌లో ఇది నాలుగు లైన్లు. కానీ ఆ నాలుగు లైన్లలోకి పోసే డేటా దగ్గరే అసలు పని అంతా ఉంది. రిసీవర్ ఇచ్చేది సీ బై ఎన్ నాట్, అంటే సిగ్నల్‌కీ నాయిస్‌కీ నిష్పత్తి, అది డీబీలో ఉంటుంది, డీబీ లాగ్ స్కేల్ కాబట్టి ముందు దాన్ని మామూలు పవర్‌గా మార్చుకోవాలి. తర్వాత శాటిలైట్ పైకెక్కేకొద్దీ సిగ్నల్ నిదానంగా పెరుగుతుంది, ఆ నిదానపు పెరుగుదలని రన్నింగ్ సగటుతో భాగించి తీసేయాలి, లేదంటే అదంతా ఎస్4లో వచ్చి కూర్చుంటుంది.

ఇంకోటి, మాడ్యూల్ ఇచ్చే సీ బై ఎన్ నాట్ పూర్తి డీబీల్లోనే ఉంటుంది, 44, 45 అంటుంది తప్ప 44.3 అనదు. ఈ గుండ్రం చెయ్యడం వల్లే సగటున 0.29 డీబీ ఎర్రర్ వస్తుంది, పవర్‌లోకి మారిస్తే ఆరేడు శాతం, అంటే ఆకాశంలో ఏమీ లేకపోయినా నా ఎస్4 ఊరికే 0.07 దగ్గర ఉండొచ్చు. దీనికి తోడు రిసీవర్ నాయిస్ కూడా ఉంది, బలహీనమైన శాటిలైట్లలో అది ఇంకా ఎక్కువ. అందుకే నా ప్లాట్లలో 0.15 లోపు ఉన్నదంతా బూడిద రంగులో వేసేశా, అది చూడొద్దని నాకు నేనే గుర్తు పెట్టుకున్నట్టు.

శాంపిల్ రేటు సంగతి. ఎల్1 అంటే జీపీఎస్ ప్రధాన ఫ్రీక్వెన్సీ, 1575.42 మెగాహెర్ట్జ్, వేవ్‌లెంగ్త్ 19 సెంటీమీటర్లు. 350 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ముద్దల్లో సిగ్నల్ బలాన్ని ఎక్కువగా ఊపే సైజుని ఫ్రెనెల్ స్కేల్ అంటారు, వేవ్‌లెంగ్త్‌నీ ఎత్తునీ రెండుతో గుణించి వర్గమూలం తీస్తే సుమారు 360 మీటర్లు వస్తుంది. ఆ ముద్దలు సెకనుకి 100 మీటర్ల చొప్పున తూర్పుకి జరుగుతుంటే ఒక్కో ఊపుకి మూడున్నర సెకన్లు పడుతుంది. సెకనుకి ఒక శాంపిల్‌తో అది అంచు మీద దొరుకుతుంది గానీ లోతైన ఫేడ్స్ మాత్రం చాలా సన్నగా ఉంటాయి, అవి జారిపోతాయి. అందుకని 10 హెర్ట్జ్ పెట్టా, సీరియల్ పోర్ట్ డీఫాల్ట్ స్పీడ్ దానికి చాలదు, యూఎస్‌బీ మీద తీసుకోవడమే మంచిది.

కానీ 10 హెర్ట్జ్‌లో లాగ్ చేస్తే 10 హెర్ట్జ్ సమాచారం వచ్చినట్టేనా? రిసీవర్ లోపల సీ బై ఎన్ నాట్‌ని కొంతసేపు సగటు చేసి ఇస్తుంది, ఎంతసేపు అన్నది డేటాషీట్‌లో కనపడలేదు, అందుకని ఒక స్టీలు గిన్నె తీసుకుని టక్కున యాంటెన్నా మీద బోర్లించా. సిగ్నల్ ఒక్కసారిగా పడిపోవాలి కదా, ప్లాట్‌లో చూస్తే మెట్టులా కాకుండా వాలుగా దిగింది, సెకను పైనే పట్టింది. అంటే వేగంగా వచ్చిపోయే ఫేడ్స్‌ని ఈ మాడ్యూల్ మొద్దుబారుస్తుంది, నా ఎస్4 అసలుదానికన్నా ఎప్పుడూ కాస్త తక్కువే చూపిస్తుంది. ఈ గిన్నె టెస్ట్ ఎవరైనా రిసీవర్ కొనగానే చెయ్యాల్సిన మొదటి పని అని నా అభిప్రాయం, రెండు నిమిషాల్లో అయిపోతుంది, డేటాషీట్ చెప్పనిది చెబుతుంది.

పోల్చుకోడానికి ఒక సాయంత్రం చవక యూఎస్‌బీ రేడియో రిసీవర్ అయిన ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌తో ముడి సిగ్నల్ కూడా రికార్డ్ చేసి జీఎన్ఎస్ఎస్-ఎస్‌డీఆర్ సాఫ్ట్‌వేర్‌లోంచి పంపా, అది మిల్లీసెకనుకి ఒకసారి కోరిలేటర్ విలువలు ఇస్తుంది కాబట్టి సగటుల గొడవ ఉండదు. కాకపోతే సెకనుకి 20 లక్షల శాంపిల్స్, ఒక్కోటి రెండు బైట్లు, గంటకి 14.4 గిగాబైట్లు. రాత్రంతా ఇలా నడిపించడం అయ్యే పని కాదు. పైగా ఆ డాంగిల్‌లో క్రిస్టల్ ఫేజ్ నాయిస్ ఎక్కువ, బలం కొలవడానికి సరిపోతుంది గానీ ఫేజ్ ఎంత ఊగిందో చెప్పే సిగ్మా-ఫై లెక్కకి పనికిరాదు, ఊగింది ఐయనోస్ఫియరా క్రిస్టలా అన్నది తేలదు. అందుకని ఈ ప్రాజెక్టులో సిగ్మా-ఫై జోలికే పోలేదు.

ఫిబ్రవరి, గోడలతో గొడవ

కొన్ని రాత్రుల డేటా చేరాక చూస్తే ఎస్4 0.5 దాటినవి బోలెడు. సింటిలేషన్ ఇంత తేలిగ్గా దొరికేస్తుందా అన్న అనుమానం వెంటనే వస్తుంది, రావాలి కూడా. వాటిలో ఎక్కువ శాతం శాటిలైట్ కిందకి వాలినప్పుడే వచ్చాయి, అందులోనూ ఒకే దిక్కున, పక్క బిల్డింగ్ వాటర్ ట్యాంక్ వైపు. అది మల్టీపాత్. నేరుగా వచ్చిన సిగ్నలూ గోడకో ట్యాంకుకో తగిలి వచ్చిన సిగ్నలూ కలిసి బలపడటం, తగ్గడం. ఎస్4 సూత్రానికి ఏది ఎందుకు ఊగిందో తెలీదు, ఊగితే చాలు నంబర్ ఇచ్చేస్తుంది. ఒట్టి ఎస్4 ప్లాట్ చూపించి ఇదిగో సింటిలేషన్ అనేవాళ్ళని నేను ఇక నమ్మను.

పేపర్లలో 30 డిగ్రీల ఎలివేషన్ (దిగంతం నుంచి కోణం) కింద ఉన్నదంతా తీసేస్తారు. నేనూ తీసేశా, కానీ 30 పైన కూడా కొన్ని మిగిలాయి. ఇక్కడ జీపీఎస్ ఆర్బిట్ మనకి ఉచితంగా ఒక టెస్ట్ ఇస్తుంది. జీపీఎస్ శాటిలైట్ ఒకటి ఆకాశంలో అదే దారిలో మళ్ళీ కనపడటానికి 24 గంటలు కాదు, 23 గంటల 56 నిమిషాలు. గోడలూ ట్యాంకులూ కదలవు కాబట్టి మల్టీపాత్ వల్ల వచ్చిన బొడిపె రేపు సరిగ్గా నాలుగు నిమిషాలు ముందుగా వస్తుంది, ఎల్లుండి ఎనిమిది నిమిషాలు ముందుగా. నెల తిరిగేసరికి దాదాపు రెండు గంటలు ముందుకి జరిగిపోతుంది, ఎనిమిదిన్నరకి వచ్చేది ఆరున్నరకి వస్తుంది. సింటిలేషన్ అలా కాదు, దానికి సూర్యుడితో పని, శాటిలైట్ క్యాలెండర్‌తో కాదు.

ఒక్కో జీపీఎస్ శాటిలైట్‌కీ రోజుకో అడ్డగీత వేసి, ఒక్కో రోజునీ నాలుగు నిమిషాలు పక్కకి జరిపి ఒకదాని కింద ఒకటి పేర్చితే, మల్టీపాత్ అంతా నిలువు చారల్లా వరసలో నిలబడింది. చూడ్డానికి భలే ఉంది నిజంగా. ఇప్పుడు ప్రతి శాటిలైట్‌కీ ప్రశాంతంగా ఉన్న రాత్రుల నుంచి ఆకాశంలో ఏ మూల ఎంత ఎస్4 మామూలో ఒక మ్యాప్ తయారుచేసి, దానికి పైన ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకుంటున్నా. ఒక జాగ్రత్త, ఇది జీపీఎస్‌కే పనికొస్తుంది, యూరప్ వాళ్ళ గెలీలియో అదే దారికి రావడానికి పది రోజులు, రష్యా గ్లోనాస్‌కి ఎనిమిది రోజులు, వాటికి ఈ నాలుగు నిమిషాల జరుపుడు వాడితే చారలు రావు, ఒట్టి గందరగోళమే వస్తుంది.

ఇంకో దొంగ ఇంటర్‌ఫియరెన్స్. అది దొరకడం సులువు, అన్ని శాటిలైట్లూ ఒకే క్షణంలో ఒకేసారి పడతాయి. ఐయనోస్ఫియర్ ఎప్పుడూ అలా చెయ్యదు, ఒకదాని తర్వాత ఒకటి.

మార్చి, వచ్చింది

ఈక్వినాక్స్ (రాత్రీ పగలూ సమానమయ్యే రోజు) దగ్గర పడుతున్నకొద్దీ రోజూ రాత్రి ఏడు దాటగానే స్క్రీన్ ముందు కూర్చోవడం అలవాటైపోయింది. ఈ సీజన్ ఎందుకంటే, సూర్యాస్తమయం గీత అయస్కాంత క్షేత్ర రేఖలతో ఒకే వరసలోకి వచ్చినప్పుడు ఆ రేఖకి రెండు చివర్లా, అంటే ఉత్తరాన దక్షిణాన ఒకేసారి చీకటి పడుతుంది, బబుల్స్‌కి అది అనుకూలం అని సునోడా 1985లో చూపించాడు. చాలా లాంగిట్యూడ్స్‌లో అది మార్చి, సెప్టెంబర్ చుట్టూ కుదురుతుంది. సూర్యుడి చురుకుదనం పెరిగి తగ్గే సోలార్ సైకిల్ కూడా కలిసొచ్చింది, 25వ సైకిల్ గరిష్ఠం 2024లో వచ్చింది, ఎలక్ట్రాన్లు ఎక్కువ ఉంటే వాటిలో పడే గుంటలూ లోతుగా ఉంటాయి.

ఆ రాత్రి మొదట పడింది పడమర వైపు ఉన్న జీపీఎస్ శాటిలైట్. ఎలివేషన్ 35 డిగ్రీలు, నా మ్యాప్‌లో ఆ మూల శుభ్రంగా ఉంది. 47 దగ్గర గీత గీసినట్టున్న సీ బై ఎన్ నాట్ నిమిషం రెండు నిమిషాల్లో పళ్ళు పళ్ళుగా మారిపోయింది, పైకి 50, కిందకి 33, ఎస్4 0.7 దాటింది. పక్కనే ఉన్న శాటిలైట్ మాత్రం ఏమీ ఎరగనట్టు ఉంది. కాసేపటికి అదీ మొదలు. తర్వాత నడినెత్తిన ఉన్నవి. తూర్పు వైపువి ఇంకా ఆలస్యంగా.

ఈ వరస ఊరికే రాలేదు. 30 డిగ్రీల ఎత్తులో కనిపించే శాటిలైట్ సిగ్నల్ 350 కిలోమీటర్ల ఎత్తుని దాటేది మన నెత్తి మీద కాదు, ఆ దిక్కున 530 కిలోమీటర్లకి పైగా దూరంలో. అంటే చిన్న యాంటెన్నా ఒకటి పెట్టుకుని పడమరా తూర్పూ కలిపి వెయ్యి కిలోమీటర్ల ఆకాశాన్ని చూస్తున్నట్టే. సెకనుకి 100 మీటర్లు అంటే గంటకి 360 కిలోమీటర్లు, పడమర అంచు నుంచి నెత్తి మీదకి రావడానికి గంటన్నర, నా ప్లాట్‌లో ఆలస్యం కూడా సుమారు అంతే ఉంది. కొత్త బబుల్స్ కూడా దారిలో పుడుతూనే ఉంటాయి కాబట్టి అంతా ఒక్కటే బబుల్ అనలేం, అయినా నడక మాత్రం స్పష్టంగా పడమర నుంచి తూర్పుకే.

ఇప్పుడు ఇవి పుట్టేది ఎలాగో రాయాలి, ఎందుకంటే టైమింగ్ అంతా అందులోనే ఉంది. పగలు 100 కిలోమీటర్ల దగ్గర ఉన్న ‘ఈ’ (E) అనే లేయర్ కరెంట్‌ని బాగా పోనిస్తుంది, పైన ఎఫ్ లేయర్‌లో పుట్టే విద్యుత్ క్షేత్రాలని షార్ట్ చేసేస్తుంది. నేల మీద పొద్దుగూకిన ముక్కాలు గంటకి ఆ ఎత్తులో కూడా సూర్యుడు పోతాడు, ఆ ‘ఈ’ లేయర్ కరిగిపోతుంది, ఇక షార్ట్ చేసేవాళ్ళు లేరు. అప్పుడు తూర్పు వైపుకి ఉండే విద్యుత్ క్షేత్రం తిరగబడే ముందు ఒక్కసారి ఎగబాకుతుంది, దాన్నే ప్రీ-రివర్సల్ ఎన్‌హాన్స్‌మెంట్ అంటారు, దాని దెబ్బకి ఎఫ్ లేయర్ మొత్తం పైకి లేస్తుంది. లేయర్ అడుగున ఉన్న ప్లాస్మా వేగంగా కలిసిపోయి మాయమవుతుంటే పైన మాత్రం దట్టంగా మిగిలి ఉంటుంది, కింద దాదాపు ఖాళీ. గ్లాసులో కింద నూనె పోసి పైన నీళ్ళు నిలబెట్టినట్టు, చిన్న కదలిక చాలు, బరువైనది కిందకి తేలికది పైకి. రేలీ-టేలర్ ఇన్‌స్టెబిలిటీ అంటారు, ఐయనోస్ఫియర్‌కి దీన్ని డంజీ 1956లో ప్రతిపాదించాడు. ఎత్తు పెరిగేకొద్దీ మామూలు గాలి అణువులతో గుద్దుకోవడం తగ్గుతుంది కాబట్టి ఎంత పైకి లేస్తే అంత వేగంగా పెరుగుతుంది, అందుకే ఆ సాయంత్రపు ఎగబాకుడు అంత కీలకం. కింద నుంచి లేచిన ఖాళీ ముద్ద లేయర్‌ని చీల్చుకుని పైకి పోతుంది, ఒక్కోసారి వెయ్యి కిలోమీటర్లు కూడా దాటుతుంది, లోపల ఎలక్ట్రాన్లు చుట్టుపక్కల కన్నా పదింతలు, వందింతలు తక్కువ. జికమార్కా రాడార్‌లో వుడ్‌మన్, లా హోజ్ 1976లో చూపించిన ప్లూమ్ బొమ్మలు ఇవే. దాని గోడల మీద చిన్న చిన్న గజిబిజి పుడుతుంది, అందులో 360 మీటర్ల సైజువే నా యాంటెన్నాని ఊపేవి.

విచిత్రం ఏంటంటే అడ్డంగా తూర్పు పడమరల్లో ఈ బబుల్ కొన్ని పదుల కిలోమీటర్లే, ఉత్తర దక్షిణాల్లో మాత్రం అయస్కాంత రేఖ వెంబడి వేల కిలోమీటర్లు సాగి ఉంటుంది. పుట్టేది ఈక్వేటర్ మీదే అయినా అందరికన్నా ఎక్కువ నష్టపోయేది అక్కడివాళ్ళు కాదు, 15 డిగ్రీల అటూ ఇటూ ఉన్నవాళ్ళు, ఎందుకంటే పగలు ఈక్వేటర్ దగ్గర లేచిన ప్లాస్మా రెండు వైపులా జారి పోగయ్యేది అక్కడే.

మరుసటి రాత్రి మొత్తం కూర్చున్నా ఏమీ రాలేదు. అదే సీజన్, అదే సూర్యుడు, అయస్కాంత తుఫాను కూడా లేదు. ఈ రోజు వచ్చి రేపు రాకపోవడం అన్నది ఈ రంగంలో దశాబ్దాలుగా నలుగుతున్న సమస్య, సీజన్ చెప్పగలరు, ఫలానా రాత్రి అని చెప్పడమే కష్టం. తుఫాను వస్తే కూడా ఒక్కోసారి బబుల్స్ పెరుగుతాయి, ఒక్కోసారి పూర్తిగా అణిగిపోతాయి, సాయంత్రం వేళకి విద్యుత్ క్షేత్రం ఏ వైపుకి తోసింది అన్నదాన్ని బట్టి.

ఏప్రిల్, రెండో ఫ్రీక్వెన్సీ ఏమంటోంది

టైమూ, దిక్కూ, నాలుగు నిమిషాల టెస్టూ అయ్యాయి, ఫ్రీక్వెన్సీ టెస్ట్ మిగిలింది. తేలికపాటి సింటిలేషన్ ఉన్నప్పుడు ఎస్4 ఫ్రీక్వెన్సీకి ఒకటిన్నర ఘాతంలో విలోమంగా మారుతుందని థియరీ. ఎల్1 1575.42కీ, రెండో ఫ్రీక్వెన్సీ ఎల్5 1176.45కీ లెక్కేస్తే 1.55 వస్తుంది, అంటే ఎల్1లో 0.3 ఉంటే ఎల్5లో 0.46 దాకా ఉండాలి. దీనికి గెలీలియో హాయిగా ఉంది, దాని ఈ1, ఈ5ఏ సరిగ్గా ఇవే ఫ్రీక్వెన్సీలు, అన్ని శాటిలైట్లూ రెండూ పంపుతాయి.

రెండు ఎస్4లనీ ఒకదానిమీద ఒకటి ప్లాట్ చేస్తే 0.2 నుంచి 0.4 మధ్య చుక్కలు 1.4, 1.6 వాలు మధ్య పడ్డాయి, గిన్నె టెస్ట్‌లో చూసిన మొద్దుబారడం గుర్తుంచుకుంటే ఇది చాలా మంచి ఫలితం. పైకెళ్ళేకొద్దీ గీత వంగిపోయి రెండూ 1 వైపు కలిసిపోతున్నాయి, సాచురేషన్ అంటే ఇదే. ట్యాంక్ వైపు మల్టీపాత్ చుక్కలు మాత్రం ఏ వాలుకీ లొంగకుండా చెల్లాచెదురుగా ఉన్నాయి. జీపీఎస్ లాంటిదే మన దేశపు నావిక్, ఆ వాళ్ళు ఎల్5తో పాటు 2492.028 మెగాహెర్ట్జ్‌లో ఎస్ బ్యాండ్ కూడా ఎందుకు పెట్టుకున్నారా అనుకునేవాడిని, ఇదే లెక్క వేస్తే అక్కడ ఎస్4 ఎల్1లో సగమే. అటువైపు 250 మెగాహెర్ట్జ్ శాటిలైట్ రేడియోలకి వెళ్తే ఎల్1 కన్నా పదిహేనింతలు వస్తుంది, అంటే ఎల్1 కొద్దిగా కదిలిందంటే వాళ్ళకి అప్పటికే మునిగిపోయినట్టు.

రెండు ఫ్రీక్వెన్సీలు ఉన్నాయి కాబట్టి టెక్ కూడా కట్టొచ్చు, దారిలో ఉన్న మొత్తం ఎలక్ట్రాన్ల లెక్క. ఒక టెక్ యూనిట్ అంటే చదరపు మీటర్‌కి పది ఘాతం పదహారు ఎలక్ట్రాన్లు, అది ఎల్1ని 16 సెంటీమీటర్లు ఆలస్యం చేస్తుంది. ఎల్1, ఎల్5 ఫేజ్‌ల తేడా మీటర్లలో తీసుకుని 7.76తో గుణిస్తే టెక్ మార్పు వస్తుంది. బబుల్ దాటుతుంటే టెక్ గుంటలా పడిపోయి మళ్ళీ లేవడం చూస్తుంటే మజానే వేరు, ఎస్4లో ఊపు మాత్రమే కనపడుతుంది, ఇక్కడ ఆ బబుల్ ఆకారమే కనపడుతుంది.

ఇంతకన్నా నచ్చింది అర్ధరాత్రి తర్వాతి డేటా. ఎనిమిది తొమ్మిది గంటలప్పుడు టెక్ గుంట ఉన్న ప్రతిచోటా ఎస్4 కూడా లేస్తోంది, అందులోనూ గుంట అంచుల దగ్గర ఎక్కువ. ఒంటి గంట దాటాక టెక్ గుంటలు ఇంకా పోతూనే ఉన్నాయి, ఎస్4 మాత్రం పడుకుంది. చిన్న సైజు ముద్దలు డిఫ్యూజన్ వల్ల ముందు చెరిగిపోతాయి, కిలోమీటర్ల సైజువి ఇంకా గంటల తరబడి మిగులుతాయి. అందుకే టెక్ మార్పు వేగాన్ని ఐదు నిమిషాల కిటికీలో చూసే ఆర్‌ఓటీఐ అనే ఇంకో సూచీ అర్ధరాత్రి తర్వాత కూడా ఎక్కువే చూపిస్తూ ఉంటుంది. ఆర్‌ఓటీఐ చూసి సింటిలేషన్ అని రాసేవాళ్ళు గంట ఎంతైందో కూడా చూసుకుంటే బాగుంటుంది, రెండూ ఒకే బబుల్ గురించి చెబుతున్నా చెప్పేది ఒకటి కాదు.

ఏప్రిల్ చివర, ఆర్‌టీకే మిత్రుడు

సర్వే పని చేసే మిత్రుడొకడు నా ప్లాట్లు చూసి, సాయంత్రం చీకటి పడ్డాక ఆర్‌టీకే (శాటిలైట్ సిగ్నల్ ఫేజ్‌తో సెంటీమీటర్ల దాకా చోటు కొలిచే పద్ధతి) ఫిక్స్ పోయి ఫ్లోట్‌లో, అంటే అంత కచ్చితం కాని స్థితిలో పడిపోతోందనీ రేడియో లింక్‌ని తిడుతున్నామనీ చెప్పాడు. టైములు తెచ్చాడు, చాలావరకు నా ఎస్4 రాత్రులతో కలిశాయి. అన్నీ కలవలేదు, కొన్ని నిజంగానే లింక్ సమస్యలు అయ్యుండొచ్చు.

ఫిక్స్ ఎందుకు పోతుందంటే, సిగ్నల్ బాగా లోతుకి పడిన క్షణంలోనే ఫేజ్ కూడా అర సైకిల్ చుట్టూ గభాల్న దూకుతుంది. రిసీవర్‌లో ఫేజ్ లూప్‌కి అప్పుడు రెండు వైపుల నుంచీ దెబ్బ, పట్టుకోడానికి బలం లేదు, పట్టుకోవాల్సింది మాత్రం వేగంగా కదులుతోంది. సైకిల్ స్లిప్ అవుతుంది లేదా లాక్ పూర్తిగా పోతుంది, అంబిగ్యుటీ (మొత్తం ఎన్ని సైకిల్సో తేల్చే లెక్క) మళ్ళీ మొదటి నుంచి. ఫోన్‌లో మ్యాప్ చూసేవాడికి ఇదేం తెలీదు, కోడ్ లూప్ అంత సులువుగా పడదు, ఆ టైమ్‌లో రెండు శాటిలైట్లు పోయినా మిగతా ఇరవై ఉంటాయి. సెంటీమీటర్ కావాల్సినవాడికే తంటా. వాడికి నేను చెప్పింది, ఆ సీజన్‌లో ఏడున్నర నుంచి అర్ధరాత్రి దాకా సున్నితమైన పాయింట్లు పెట్టుకోకు, తప్పకపోతే జీపీఎస్, గెలీలియో లాంటి అన్ని కాన్‌స్టెలేషన్లూ ఆన్ చేసుకో, పడమర వైపు శాటిలైట్ల సీ బై ఎన్ నాట్ మీద ఒక కన్నేసి ఉంచు, తుళ్ళడం మొదలైతే నీ నెత్తి మీదకి రావడానికి ఇంకో గంట టైముంది అని.

మే, రెండో యాంటెన్నా

సీజన్ అయిపోయే లోపు చెయ్యాలనుకున్నది స్పేస్డ్ రిసీవర్ ప్రయోగం, దీని వెనక ఒక పాత కథ ఉంది. 1946లో హే, పార్సన్స్, ఫిలిప్స్ అనేవాళ్ళు సిగ్నస్ నక్షత్రరాశి వైపు నుంచి వచ్చే రేడియో సిగ్నల్ బలం ఊగుతోందని గమనించి, ఆ వస్తువే అలా వెలిగి ఆరుతోందనుకున్నారు. 1950లో దూరదూరంగా రిసీవర్లు పెట్టి చూస్తే దగ్గర దగ్గరగా ఉన్నవాటిలో ఊపు ఒకేలా ఉంది, వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నవాటికి మాత్రం ఒకదానితో ఒకటి పొంతన లేదు. వస్తువే మిణుకుమంటుంటే అందరికీ ఒకేలా కనపడాలి కదా, అంటే ఊపుతున్నది మన ఐయనోస్ఫియరే అని తేలిపోయింది.

నాది అంత దూరం కాదు. రెండో రాస్ప్‌బెర్రీ పై, అదే రకం మాడ్యూల్, అదే యాంటెన్నా, తూర్పు పడమరల వరసలో 60 మీటర్ల ఎడంతో. రెండూ జీపీఎస్ టైమ్‌తోనే శాంపిల్ చేస్తాయి కాబట్టి గడియారాల గొడవ లేదు. మాడ్యూల్స్ ఒకే రకం కాబట్టి సీ బై ఎన్ నాట్ మొద్దుబారడం కూడా రెండిట్లో ఒకేలా ఉంటుంది, ఒకదానితో ఒకటి జరిపి పోల్చేటప్పుడు అది అడ్డు రాదు. శాటిలైట్‌గా జియోస్టేషనరీ ఎస్‌బీఏఎస్‌ని ఎంచుకున్నా, జీపీఎస్ తప్పులు సరిదిద్దే సమాచారం పంపే శాటిలైట్ అది, ఆకాశంలో కదలదు, జీపీఎస్ అయితే దాని సొంత కదలిక వల్ల పైన సిగ్నల్ దాటే చోటు కూడా సెకనుకి కొన్ని పదుల మీటర్లు జరుగుతూ లెక్క పాడుచేస్తుంది. కాకపోతే ఎస్‌బీఏఎస్ సిగ్నల్ కాస్త బలహీనం.

సీజన్ చివర్లో కూడా మంచి రాత్రులు కొన్ని దొరికాయి. పడమర యాంటెన్నాలో వచ్చిన ఫేడ్ తూర్పుదానిలో అర సెకను తర్వాత కనపడింది. 10 హెర్ట్జ్‌లో అర సెకను అంటే ఐదు శాంపిల్స్, ఐదైతే సెకనుకి 120 మీటర్లు, ఆరైతే 100, మధ్యలో ఏదీ ఉండదు కాబట్టి కోరిలేషన్ (రెండు సిగ్నళ్ళూ ఎంత కలుస్తున్నాయో చెప్పే లెక్క) శిఖరం చుట్టూ పారబోలా గీసి మధ్య విలువ తీశా. తొమ్మిది గంటలప్పుడు 130 దాకా ఉన్నది అర్ధరాత్రికి 80 చుట్టూ దిగింది, రాత్రి గడిచేకొద్దీ తూర్పు నడక నెమ్మదించడం అన్నది ఇంతకుముందు కొలిచినవాళ్ళు కూడా చెప్పిందే. నచ్చనిది ఒకటుంది, మొదటి బబుల్ వచ్చిన తొలి పావుగంటలో కోరిలేషన్ 0.5 కిందకి పోతోంది, అప్పుడు ముద్దలు జరగడమే కాదు, పైకి లేస్తూ ఆకారం కూడా మారిపోతుంటాయి, ఆ టైమ్‌లో వచ్చిన వేగాల్ని నేను లెక్కలోంచి తీసేస్తున్నా.

యాంటెన్నాలని ఉత్తర దక్షిణాల్లో పెట్టి చూస్తే ఆలస్యం దాదాపు సున్నా రావాలి, రేఖ వెంబడి అంత పొడుగ్గా సాగి ఉన్నవి 60 మీటర్లలో ఏం మారతాయి. అది సెప్టెంబర్ సీజన్‌కి పెట్టుకున్నా. ఈలోపు ఎండల్లో రాస్ప్‌బెర్రీ పై వేడెక్కి లాగర్ ఆగిపోతోంది కాబట్టి డబ్బాకి ఫ్యాన్ బిగించాలి, ఆ ట్యాంక్ వైపు మ్యాప్ కొత్తగా మళ్ళీ కట్టాలి, పక్కవాళ్ళు దాని పక్కనే ఇంకో ట్యాంక్ ఎక్కించారు.